నిజం ఉత్తరం

అక్క వయసు ఇరవై రెండు. పన్నెండేళ్లుగా ఇరవై రెండే.

అమ్మాయిల పక్షపత్రికలో ‘అక్కతో చెప్పు’ పేజీ మీద నవ్వుతూ కనిపించే ఫొటో ఎవరో మోడల్‌ది. రాసేది మాత్రం నలభై నాలుగేళ్ల సబ్ ఎడిటర్. చత్వారం కళ్లద్దాలు, నడుం నొప్పి, కుర్చీకి వేలాడే పాత శాలువా. ఈ సంగతి ఆఫీసు గడప దాటకూడదన్నది ఎడిటర్ మేడమ్ పెట్టిన షరతు. బయట ఎవరడిగినా ఏదో ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతానని చెప్పాలి. ఆమె ఇంట్లో కూడా అలాగే చెబుతుంది.

ఈ రోజుల్లో పిల్లలు ఉత్తరాలు రాయరు. అందుకని సంచికకు మూడు చొప్పున ఆఫీసులోనే వండుతారు. ఆ వంట కూడా ఆమెదే.

దానికో పద్ధతి ఉంది. నాలుగో పేజీలో ‘నువ్వెలా ఉన్నా అందగత్తెవే’ అనాలి. ఆరో పేజీలో అక్క ఒక లోపం చూపించాలి. ఎనిమిదో పేజీలో ఆ లోపానికి మందు ప్రకటన ఉంటుంది. మొటిమలు, జుట్టు, బరువు ఎప్పుడో అరిగిపోయాయి. కొత్తది కావాలి. “ఆ పిల్ల ఇప్పటిదాకా చూసుకోని చోటు చెప్పు. చదవగానే అద్దం దగ్గరికి పరుగెత్తాలి,” అంటుంది మేడమ్.

మూడు సంచికల కిందట ఆమెకు ఏమీ తోచలేదు. పేజీ అచ్చుకు వెళ్లాల్సిన రోజది. పొద్దున బల్ల మీద ఆనించి ఉండగా కనిపించిన మోచేయి ఒకటి గుర్తొచ్చింది. పది నిమిషాల్లో అల్లేసింది. ‘అక్కా, నా మోచేతులు నల్లగా ఉంటాయి. క్లాసులో చెయ్యెత్తితే వెనక బెంచీవాళ్లు నవ్వుతున్నారు.’ జవాబూ తనదే. ‘చెల్లీ, నీ బాధ నాకు తెలుసు. పైకి అనరు గానీ, అందరూ ముందు చూసేది మోచేతులే.’ మేడమ్ చదివి భుజం తట్టింది. మోచేతుల క్రీము వాళ్లు ఏడాది పొడుగునా ప్రకటనలిస్తామన్నారు.

ఈ శనివారం పొద్దున అటెండరు పెద్దాయన ఒక కవరు తెచ్చి బల్ల మీద పెట్టాడు. “అక్కగారూ, నిజం ఉత్తరం వచ్చింది,” అని వేళాకోళం చేశాడు. ఆమె నవ్వుతూనే చించింది. రెండు పంక్తులు దాటేసరికి కళ్లద్దాలు సర్దుకుని మళ్లీ మొదటికొచ్చింది.

‘అక్కా, ఫోన్లో పంపితే ఇంట్లో చూస్తారని కాగితం మీద రాస్తున్నా. నీ పేజీ చదివాకే నా మోచేతులు చూసుకున్నాను. అంతకుముందు అవి ఉన్నాయన్న ధ్యాసే లేదు. ఇప్పుడు ఎండాకాలంలో కూడా స్వెటర్ తీయట్లేదు. అడిగితే చలేస్తోందంటున్నా, నమ్మేశారు. వాలీబాల్లో బంతికి చేతులు చాపితే అందరూ వాటినే చూస్తున్నట్టుంటుంది. శనివారం మధ్యాహ్నం ప్రాక్టీసుకని చెప్పి ఇంట్లోనే కూర్చుంటున్నా. సోమవారం జట్టు ఎంపిక. పొట్టి చేతుల చొక్కా వేసుకోవాలి. వెళ్లనా, మాననా? అమ్మనడిగితే బంగారు తల్లివి అంటుంది. అమ్మలందరూ అంతే. పైగా మా అమ్మ నీ పత్రిక కొననివ్వదు, స్నేహితురాలి దగ్గర తెచ్చుకుంటున్నా. నువ్వైతే నిజం చెబుతావు.’

కవరు వెనక అడ్రసు ఉంది. ఆమె దాన్ని రెండుసార్లు చదివింది. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. ఇన్నాళ్లూ పాఠకులంటే ఆమెకు ఒక అంకె. ఆ అంకెకు చేతులుంటాయని, ఆ చేతుల్ని అది ఉక్కపోతలో దాచుకుంటుందని ఎప్పుడూ అనుకోలేదు.

మేడమ్ కూడా చదివి ముచ్చటపడింది. “ఉన్నదున్నట్టు వేసెయ్. జవాబులో క్రీము సంగతి రాయి.”

“వేయను మేడమ్. మోచేతులు అందరికీ అలాగే ఉంటాయని రాస్తాను. ఆ మొదటి ఉత్తరం నేనే అల్లానని కూడా రాస్తాను.”

మేడమ్ కోప్పడలేదు. అలా రాస్తే పేజీ ఉండదని, పేజీతో పాటు ఆమె కుర్చీ కూడా ఉండదని మెల్లగానే చెప్పింది. వచ్చే సంచిక బజార్లోకి వచ్చేసరికి పది రోజులు పడుతుంది, అప్పటికి ఆ పిల్ల ఎంపిక ఎటూ అయిపోతుంది, ఇక ఎవరి కోసం ఈ పంతం అంది.

అదీ నిజమే. ఆమె ఉత్తరం సంచిలో పెట్టుకుని, ఒంట్లో బాగోలేదని మధ్యాహ్నం సెలవు రాసిచ్చి బయటపడింది.

బస్సులో కూర్చుని, వెళ్లాక ఏం చెప్పాలో కాగితం మీద రాసుకుంది. ‘పిచ్చిపిల్లా’ అని మొదలుపెట్టింది. అది అక్క గొంతు. కొట్టేసింది. ‘నీ బాధ నాకు తెలుసు’ అని రాసింది. అదీ అక్కదే. పన్నెండేళ్లుగా అలవాటైన మాటలే వరస కడుతున్నాయి. కండక్టరు చెయ్యి చాపి టికెట్ ఇచ్చాడు. అతని మోచేయి నల్లగా ఉంది. పైనున్న కమ్మీ పట్టుకుని నిలబడ్డ ఆడవాళ్లవీ అంతే. జాకెట్టు చెయ్యి పైకి లాగి తనదీ చూసుకుంది. అదీ అంతే. చివరికి కాగితం మీద ఒక్క మాట మిగిలింది. ‘నేను అబద్ధం రాశాను.’

మూడో అంతస్తు ఎక్కేసరికి ఆయాసం వచ్చింది. గుమ్మం పక్కన ఆట బూట్లు దుమ్ము పట్టి ఉన్నాయి. ఇన్నాళ్లుగా ఆ దుమ్ము ఇంట్లో ఎవరి కంటా పడలేదు. ఆ పిల్ల తన మొహం మీదే తలుపు వేసినా సరే, చెప్పి తీరాలనుకుంది ఆమె. బెల్లు నొక్కింది.

లోపల గబగబా అడుగుల చప్పుడు. తలుపు సగం తెరుచుకుంది. నుదుటి మీద చెమట, మణికట్ల దాకా స్వెటర్. పట్టుబడిపోయినట్టు ఆ పిల్ల మొహం పాలిపోయింది.

“అదేంటమ్మా, తాళంచెవి నీ దగ్గర ఉందిగా, బెల్లు కొట్టావేంటి?”