సీసాలు పట్టుకొచ్చేవారు

మా ఊళ్లోనే ఇన్ని కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయి?

డయాలిసిస్ రోజుల్లో ఈ ప్రశ్న అడగనివారు లేరు. అందరం ఒకే ఆటోలో ఆస్పత్రికి వెళ్లేవాళ్లం. కడుపారా నీళ్లు తాగకూడదు కనుక పక్కపక్క మంచాల మీద తలా ఒక మంచుముక్క చప్పరిస్తూ, వచ్చిన ప్రతి డాక్టరునూ నిలదీసేవాళ్లం. మా పొరుగింటి దాలమ్మ చేతికి సూదులు ఉండగానే తగవుకు దిగేది: "ఏటి బాబూ, మా ఊరి నీల్లు సీసాలో అట్టుకెల్లినావు కదా, ఏటి తేలింది?" ఆ మంచాల వరస తలుచుకుంటే ఇప్పటికీ బెంగగా ఉంటుంది.

ఇప్పుడు కిడ్నీ మార్పిడి బండి వీధిలోకే వస్తుంది. అది ఎక్కినవారు వారం తిరగకుండా జీడిపిక్కలు వలుస్తూ కనిపిస్తారు. మంచిదే, నేనూ ఎక్కాను. కానీ డయాలిసిస్ యంత్రాలు తరలిపోయిన ఏడాదే, మా నీళ్లు పరీక్షకు తీసుకెళ్లడానికి సీసాలు పట్టుకొచ్చేవారూ రావడం మానేశారు.

నిన్న మనవరాలు రోహిణి రెండో మార్పిడికి సంచి సర్దుకుంటోంది. "ఇదీ పాడైతే?" అన్నాను.

"ఇంకోటి ఏస్తారు మామ్మా! సెప్పులరిగితే మార్సుకోమా ఏటి?" అని నవ్వింది.

పక్కనున్న దాలమ్మ నవ్వలేదు. "సావుకి బయపడి మేం అడిగినాం. ఇప్పుడు బయం నేదు, అడిగీవోలూ నేరు" అంది.

రోహిణికి ఇరవై రెండేళ్లు. ఎవరో కన్నుమూస్తూ ఇచ్చిన కిడ్నీ ఆమె ఒంట్లో, ఈ ఊళ్లోనే బతకాలి. అది పాడవక ముందే, ఇది చదువుతున్న మీరు సీసా పట్టుకుని రండి. నీళ్లు తీసుకెళ్లండి. ఈసారి జవాబుతో తిరిగి రండి.