నాలుగు బోల్టుల ప్లేటు

"అటు తిప్పితే ఇంకా బిగుస్తుందేమో బాబూ," అంది అత్తగారు గుమ్మంలోంచి.

అల్లుడు మోటారుసైకిలు పక్కన నేలమీద ఒత్తిగిలి పడుకుని, స్పానరుతో కుస్తీ పడుతున్నాడు. చొక్కా వీపంతా మట్టి.

"కిందనుంచి చూస్తే కుడేదో ఎడమేదో తెలిసి చావడం లేదత్తయ్యగారూ."

ఇంజిన్ అడుగుకు రాళ్లు తగలకుండా కాచే దళసరి రేకు అది. స్కిడ్ ప్లేటు. ముందు రెండు, వెనక రెండు బోల్టులు. అది ఊడివస్తేగాని ఆయిల్ దించే బోల్టు కనబడదు. ఫోనులో చూసిన వీడియోలో ఒకాయన దాన్ని రెండు నిమిషాల్లో ఊడదీశాడు. ఇక్కడ అరగంట దాటింది.

మామగారు వరండాలో చేతుల కుర్చీలో కూర్చుని, పెదవులు బిగించి, ఆ స్పానరు వంకే చూస్తున్నారు.

ముప్పై రెండేళ్లు బండ్లు బాగుచేసే షెడ్డు నడిపిన మనిషి ఆయన. బండి వీధి మలుపు తిరగకముందే, చప్పుడు విని దాని జబ్బేమిటో చెప్పేవారు. షెడ్డులో పనివాళ్లు ఆయన చేతికంటే నోటికే ఎక్కువ జడిసేవారు. అల్లుడేమో బడిలో లెక్కలు చెప్పుకునేవాడు. కూతురు అతన్ని చేసుకుంటానన్న రోజున ఆయన ఒకే మాటన్నారు: "స్పానరు పట్టడం చేతకానివాడు సంసారమేం లాగుతాడు?"

పెళ్లి జరిగింది. ఆ తరవాత అల్లుణ్ని ఆయన పల్లెత్తు మాట అనలేదు. "వచ్చారా", "తిన్నారా" అని మర్యాదగా రెండే మాటలు. ఇప్పుడు ఆ రెండు మాటలూ లేవు.

అయినా అల్లుడు ఆదివారం ఆదివారం వస్తూనే ఉన్నాడు. ఇది తొమ్మిదో ఆదివారం. ఒకసారి గొలుసు శుభ్రం చేస్తానన్నాడు, ఒకసారి బ్రేకులు సరిచేస్తానన్నాడు. ఏదీ కుదురుగా చేసింది లేదు.

"ఆయన పలకరని తెలిసీ ఎందుకు బాబూ వారం వారం ఈ తిప్పలు?" అంది అత్తగారు, మసిగుడ్డ అందిస్తూ. "వీధి చివర షెడ్డులో పడేస్తే పావుగంటలో చేసిస్తారు కదా."

"పలికేదాకా వస్తానత్తయ్యగారూ."

ఆమె లోపలికి వెళ్లిపోయింది.

వెనక బోల్టులు రెండూ ఎలాగో ఊడివచ్చాయి. అల్లుడు తల ఎత్తాడు.

"మామయ్యగారూ, ఈ ముందువి తీసేటప్పుడు ప్లేటు పట్టుకోవాలా? దానంతటదే నిలబడుతుందా?"

మామగారు మొహం గోడవైపు తిప్పుకున్నారు.

"నిలబడుతుందిలే," అనుకుని అల్లుడు బోల్టు తిప్పాడు. చివరిది ఊడగానే ప్లేటు మట్టిపెళ్లలతో సహా ముంజేతిమీద పడింది. "అబ్బా!" అని చెయ్యి విదిలించుకున్నాడు. మామగారు కళ్లు మూసుకున్నారు. ఆయన ఎడమచెయ్యి మాత్రం కుర్చీ పట్టెను గట్టిగా పట్టుకుంది.

అడుగు బోల్టు తీయగానే నల్లటి ఆయిల్ బేసిన్‌లోకి దిగింది. అది చుక్కలు చుక్కలుగా ఆగేదాకా అల్లుడు ప్లేటు కడిగాడు, మట్టి గీకాడు, ఎండలో ఆరబెట్టాడు. తరవాత కొత్త ఆయిల్ డబ్బా మూత తీసి, ఇంజిన్‌మీద గరాటా పెట్టాడు.

"ఇక పోసెయ్యడమేనా మామయ్యగారూ?"

మామగారు కళ్లు తెరిచారు. ఆయన చూపు గరాటా మీదికి వెళ్లింది. అక్కణ్ణుంచి గోడ పక్కన ఇటుకమీదికి మళ్లింది. ఇందాక తీసిన అడుగు బోల్టు ఆ ఇటుకమీదే ఉంది. ఆయన మెడ నరాలు ఉబ్బాయి. మళ్లీ అల్లుడి వంక చూశారు.

అల్లుడికి అదేమీ పట్టలేదు. డబ్బా వంచాడు. పోసినది పోసినట్టే కిందికి దిగి, తేనెలాంటి ఆయిల్ బేసిన్‌లోని నల్లటి మడ్డిలో కలిసిపోతోంది.

"గాడిదా!"

డబ్బా అల్లుడి చేతిలోంచి జారిపోయింది.

"గాడిదా... బోల్టు!"

లోపల ఏదో గిన్నె కిందపడి దొర్లింది. అత్తగారు పరుగున వచ్చి భర్తను చూసింది, అల్లుణ్ని చూసింది. మెట్టుమీద కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడవడం మొదలుపెట్టింది. మామగారి మొహం ఎర్రబడిపోయింది.

అల్లుడి చేతులు మోచేతులదాకా ఆయిల్. కన్నతల్లి కూడా అతన్ని ఏనాడూ అంతమాట అనలేదు. చేతులు చొక్కాకే తుడుచుకుని, బట్టల కొట్టులో పనిలో ఉన్న భార్యకు ఫోన్ చేశాడు.

"మీ నాన్న నన్ను తిట్టారు."

"ఏంటీ? ఇక్కడ గోలగా ఉంది, గట్టిగా చెప్పు."

"మీ నాన్న నన్ను తిట్టారు. అత్తయ్య కూడా విన్నారు."

అవతల గోల తగ్గింది. ఆమె కొట్టు బయటికి వచ్చినట్టుంది.

"ఏమని తిట్టారు?"

"గాడిదా అన్నారు."

"నిజం చెప్పు."

"నీమీద ఒట్టు. రెండుసార్లు."

"నువ్వేం చేశావ్?"

"అడుగు బోల్టు పెట్టకుండా కొత్త ఆయిల్ పోసేశాను."

ఆమె ఇంటికెళ్లాలని ఎవరితోనో చెప్పడం వినబడింది.

"నేనొస్తున్నా," అంది. "నేనొచ్చేదాకా నువ్వక్కణ్ణుంచి కదలకు."

ఫోను జేబులో పెట్టుకుని, అతను బండి సీటుమీద నుదురు ఆనించాడు. భుజాలు కదులుతున్నాయి.

పక్షవాతంతో మామగారికి మాట పడిపోయి ఆనాటికి ఏడు నెలలు.