రెండో డిస్కు

“లైనక్స్ రావట్లేదు కదా, ఇప్పుడే రప్పిస్తానుండక్కా,” అంటూ ఎబినేజర్ సీపీయూ పక్క రేకు విప్పాడు.

తెనాలిలో అతని రిపేరు షాపుకి బాపట్ల నుంచి దాన్ని మోసుకొచ్చింది మైథిలి. ఆమె కాలేజీ లెక్చరరు. వెంట వచ్చిన నాగులు అడవులదీవిలో సముద్రం మీద వేటకెళ్ళే మనిషి. గాలుల పేర్లూ, చేపల పేర్లూ, వేట పాటలూ అతని తల్లి దానమ్మ చెబుతుంటే పదకొండు గంటలు రికార్డు చేసింది మైథిలి. దానమ్మ పోయి తొమ్మిది రోజులైంది. ఎల్లుండి పెద్దకర్మ. ఆ రోజు అందరికీ అమ్మ గొంతు వినిపించాలని నాగులు ఆశ.

“ఒక డిస్కులో విండోస్, రెండోదాంట్లో లైనక్స్. రికార్డింగులన్నీ రెండోదాంట్లోనే ఉన్నాయి. విండోస్‌కి అది చదవడం రాదు. నిన్నటి నుంచి ఆన్ చేస్తే తిన్నగా విండోస్‌లోకే పోతోంది,” అంది మైథిలి.

“లోపల బ్యాటరీ అయిపోయిందక్కా. ఏ డిస్కు ముందు చూడాలో మర్చిపోయింది, అంతే!”

కొత్త బ్యాటరీ వేశాడు. రెండో డిస్కునే ముందు చూసేలా పెట్టాడు. నాగులు తెరకి దగ్గరగా జరిగాడు.

నల్లటి తెర మీద ఒక్క ఇంగ్లీషు ముక్క. లైనక్స్ లేదట.

కేబుల్ మార్చాడు. మళ్ళీ అదే. చివరికి విండోస్‌లోకి వెళ్ళి డిస్కు తెరిచి చూసి, చేతులు వెనక్కి తీసుకున్నాడు.

“డిస్కు బాగానే ఉందక్కా. ఖాళీగా ఉంది. ఎవరో ఫార్మాట్ చేశారు. ఇవాళ పొద్దున ఏడున్నరకి.”

“వెనక్కి తేలేవా?”

“పాతరకం డిస్కయితే కొంతైనా లాగేవాణ్ణి. ఇది ఎస్ఎస్‌డీ, ఫార్మాట్ చేస్తే పాతదంతా తనే తుడిచేసుకుంటుంది. ఇంకో కాపీ లేదా?”

మైథిలి తల అడ్డంగా ఊపింది. కళ్ళు నిండిపోయాయి. అంతలోనే కోపం వచ్చింది.

“ఇంట్లో నేను తప్ప ఎవరూ దాన్ని ముట్టుకోరు. నువ్వే ఇప్పుడు ఏదో నొక్కి ఉంటావు!”

“నేను షాపు తీసిందే పదింటికక్కా...”

“ఆ బాబుని ఏమీ అనకండమ్మా,” అన్నాడు నాగులు, గోడకి చేరగిలబడి. “పొద్దున నేను మీ ఇంటికొస్తే, మీరు నాకు కాఫీ పెట్టడానికి లోపలికెళ్ళారు కదా. రెండో డిస్కు మీద నొక్కి చూశానండి. వాడాలంటే ముందు ఫార్మాట్ చెయ్యాలి, చెయ్యమంటావా అని కంప్యూటరు అడిగిందండి... అమ్మ మాట్లాడుద్దనుకుని, సరే అన్నానండి.”