దుబాయ్ బీరువాలో చక్కరకేళి గెల

పడగ్గదిలోంచి ధడేల్మని చప్పుడు వినబడేసరికి కొండబాబు నోట్లో వేపపుల్లతోనే లోపలికి పరిగెత్తాడు.

దుబాయ్ బీరువా తలుపులు బార్లా తెరుచుకుని ఉన్నాయి. చీరలు వేలాడదీసే రాడ్డు ఊడిపోయింది. దాన్ని మోసే పక్కచెక్క మరల దగ్గర నిలువునా చీలి, పొట్టు రాలుస్తోంది. ఆ పొట్టు మధ్యన, ఘుమఘుమలాడుతూ, పెళ్ళికొడుకులా దర్జాగా పడుకుని ఉంది చక్కరకేళి గెల.

దాన్నక్కడ వేలాడదీసిన మహానుభావుడు కొండబాబే. భార్య పుష్పలత మురమళ్ళలోని పుట్టింటికి వెళ్ళి నాలుగు రోజులైంది. సెలవులో వచ్చిన తమ్ముడు సాయిబాబుని వెంటబెట్టుకుని ఇవాళ తిరిగొస్తోంది. దుబాయ్‌లో చక్కరకేళీకి మొహం వాచిపోయి ఉంటాడు పాపం, దొడ్లో గెల ముగ్గబెట్టి పెడదామని కొండబాబు సరదా. పాకలో పెడదామంటే ఎలకలు. గాలి చొరబడని తలుపులూ, వేలాడదీయడానికి రాడ్డూ ఉన్న బీరువా ఇంట్లో ఉండగా దిగులెందుకనుకున్నాడు.

ఆ బీరువా మామూలుది కాదు. కిందటేడు సాయిబాబు అట్టపెట్టెలో ముక్కలుగా తెచ్చి, దగ్గరుండి మరలు బిగించి అక్కకిచ్చింది. పుష్పలత దాన్ని తడి చేత్తో ఎవర్నీ ముట్టుకోనివ్వదు. అందులో అరటిగెల పెట్టాడని తెలిస్తే తమ్ముడి ఎదుటే కడిగి పారేస్తుంది. ఆ నగుబాటు కొండబాబు పడలేడు.

ఇంతలో ఫోను మోగింది.

“ఏవండీ, బయల్దేరుతున్నాం. పన్నెండింటికల్లా వచ్చేస్తాం” అంది పుష్పలత.

కొండబాబు సైకిలెక్కి వెళ్ళి వడ్రంగి త్రిమూర్తుల్ని ఉన్నపళంగా లాక్కొచ్చాడు.

“ఈ చెక్క మార్చాలండీ, పన్నెండు లోపల. లేకపోతే నా పనైపోయినట్టే.”

“ఆయ్.”

“దుబాయ్ సరుకండీ ఇది. ఈ రంగు చెక్క మన ముక్తేశ్వరంలో దొరుకుద్దంటారా?”

త్రిమూర్తులు చీలిన అంచుని వేలితో రాసి చూశాడు. “చూద్దామండి.”

కొండబాబు బీరువాతో వచ్చిన అరబ్బీ కాగితం భద్రంగా తీసిచ్చాడు. “ఏ ముక్క ఎక్కడ బిగించాలో ఇందులో బొమ్మలేసేరండి.”

“ఆయ్, ఆయ్” అంటూ త్రిమూర్తులు ఆ కాగితాన్ని తిరగేసైనా చూడకుండా పొట్లం చుట్టి, ఊడదీసిన మరలు అందులో పోసుకున్నాడు. బీరువా వెనక్కి చెయ్యి పోనిచ్చి, కంటికి కనబడని మరల్ని కూడా తడుముకోకుండా తీసేశాడు. పనివాడంటే ఇతనే అని కొండబాబు మురిసిపోయాడు.

విరిగిన చెక్కతో వెళ్ళిన మనిషి గంటలో కొత్త చెక్కతో తిరిగొచ్చాడు. అదే రంగు, అవే చారలు.

“ఎక్కడ పట్టేరండీ?”

“కొట్లో ఓ మూల పడుందండి.”

“మా ఆవిడకి గానీ మా బావమరిదికి గానీ తెలిసిందంటే...”

“ఎవరి గుట్టు వాళ్ళదేనండి. ఒకళ్ళది ఇంకొకళ్ళ చెవినేసే అలవాటు నాకు లేదండి.”

పదకొండున్నరకల్లా బీరువా కొత్త పెళ్ళికూతురిలా నిలబడింది. చీరలు మళ్ళీ రాడ్డెక్కాయి. గెల పాకలోకి నడిచింది.

పుష్పలత వస్తూనే బీరువా తలుపు తీసింది. ముక్కు ఎగబీల్చింది.

“ఏంటండీ, ఏదో తియ్యటి వాసన?”

కొండబాబు నోటికొచ్చింది అనేశాడు. “దుబాయ్ చెక్క కదా! ఎండలు ముదిరితే అలాగే వాసనేస్తాదంట.”

పుష్పలత తమ్ముడి వైపు తిరిగింది. “నిజమేంట్రా?”

సాయిబాబు దగ్గరికొచ్చి వాసన చూశాడు. కొత్త చెక్క మీద చెయ్యి వేసి ఒక్క క్షణం ఆగాడు. “అవునక్కా. అక్కడి చెక్క అంతే. బావగారికి అన్నీ తెలుసు” అన్నాడు.

కొండబాబు లోలోపలే వెయ్యి దణ్ణాలు పెట్టుకున్నాడు. వెర్రిబాగులవాడు, ఏం చెప్పినా నమ్మేస్తాడని జాలి కూడా పడ్డాడు.

భోజనాల దగ్గర సాయిబాబు వరసగా ఆరు పళ్ళు తిన్నాడు. “చక్కరకేళీ అంటే ఇదండీ. ఎక్కడ ముగ్గబెట్టేరు బావగారూ?”

“ఎక్కడేంటి బాబూ, పాకలోనే.”

“పక్క గదిలోకి కూడా అలాంటి బీరువా ఒకటి పంపరా తమ్ముడూ” అంది పుష్పలత, సందు చూసి.

“నువ్వడగాలా అక్కా? వెళ్ళగానే అదే పని” అని సాయిబాబు చెయ్యి కడుక్కుని, ఊళ్ళో ఎవర్నో చూసొస్తానని బయటికెళ్ళాడు.

సాయంత్రం కొండబాబు గెలలోంచి ఓ అత్తం పళ్ళు కోసి సంచిలో వేసుకుని త్రిమూర్తులు కొట్టుకి బయల్దేరాడు. అంత పని చేసిన మనిషి నోరు తీపి చెయ్యాలి, గుట్టు సంగతి ఇంకోసారి గుర్తు చెయ్యాలి. ఎవరి కంటా పడకుండా పెరటి దారిన వెళ్ళి, తడిక దగ్గర ఆగిపోయాడు. లోపల్నుంచి బావమరిది గొంతు వినబడుతోంది.

“త్రిమూర్తులు గారూ, కిందటేడు చేసేరే, అచ్చం అలాంటిదే ఇంకోటి చేసి, అరబ్బీ అక్షరాలున్న పెట్టెలో సర్దెయ్యండి. ఈసారి మటుకు ఆ రాడ్డు, అరటిగెల వేలాడదీసినా ఊడకుండా బిగించండి.”