పసుపు పట్టీ

పదకొండింటికి మొదలైన వైవా అరగంటలో ఆగింది. బయటి విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన ఎగ్జామినరు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. ఒక్క సంగతి తేలితే గానీ సంతకం పెట్టనన్నాడు.

డీన్ ఈ నర్సింగ్ కాలేజీకి వచ్చి నెల కూడా కాలేదు. ఇక్కడి పీహెచ్‌డీ కోర్సులో వైవా దాకా వచ్చిన మొదటి థీసిస్ ఇదే. ఇది నిలబడకపోతే, వచ్చే వారం రానున్న తనిఖీ బృందం ముందు కోర్సూ నిలబడదు.

థీసిస్ రాసింది కాలేజీ ఆసుపత్రిలోనే పనిచేసే వార్డు సిస్టరు. నడుస్తూ పడిపోయే ప్రమాదం ఉన్న రోగి మంచానికి, సిబ్బంది కనిపెట్టి ఉండాలని గుర్తుగా పసుపు పట్టీ కట్టడం ఆ ఆసుపత్రి పద్ధతి. గేటు దగ్గర బోర్డు మీద కూడా దాని బొమ్మే. సిస్టరు పట్టీలు వాడే వార్డులనూ వాడని వార్డులనూ పోల్చి చూసి, రోగులు పడిపోవడంలో తేడా ఏమీ లేదని తేల్చింది.

డీన్ నిన్ననే ఆమెను గదికి పిలిచి బతిమాలింది. వైవాలో కొంచెం మెత్తగా మాట్లాడమంది. కొంత మేలు ఉందంటే నోరేమీ అరిగిపోదు కదా అంది.

"ఆ మేలు ఎక్కడుందో చూపించండి మేడమ్, అలాగే అంటాను. అన్ని మంచాలకూ కట్టేసరికి మావాళ్లు పట్టీని చూడ్డమే మానేశారు."

"ఆ పట్టీ తెచ్చినావిడ ఇంకా ఇక్కడే పనిచేస్తోందట. రేపు ఆవిడ మొహం ఎలా చూస్తారు?"

"రోజూ చూస్తున్నదేగా మేడమ్."

ఇద్దరికీ పాత పగ ఏదో ఉందని డీన్ అనుకుంది. సిస్టరు థీసిస్‌కు గైడుగా ఉన్నావిడను అడిగితే నవ్వేసింది. లెక్కలన్నీ తను మళ్లీ మళ్లీ చేయించానని, ఈ మనిషి దేనికీ లొంగే రకం కాదని, మీరూ గొంతు నొప్పి తెచ్చుకోకండని చెప్పింది.

ఇవాళ ఎగ్జామినరు మెత్తగా ఏమీ అడగలేదు. బాగా జబ్బు చేసినవాళ్లుండే వార్డుల్లోనే పట్టీలు కడతారు కాబట్టి అక్కడే ఎక్కువమంది పడతారు కదా అన్నాడు. ఒకే వయసు, ఒకే జబ్బు ఉన్నవాళ్లను విడిగా పోల్చినా ఫలితం మారలేదని సిస్టరు చెప్పింది. ఆయన తలాడించాడు. తర్వాత చివరి అధ్యాయం తీసి, ఒకచోట వేలు పెట్టి పైకి చదివాడు.

"'ఈ పద్ధతిని ప్రవేశపెట్టిన నర్సు దాన్ని ఎన్నడూ పరీక్షించలేదు. చప్పట్లనే రుజువనుకుంది.'"

అక్కడే ఆయన కళ్లజోడు తీశాడు.

"పనికి వంక పెట్టనమ్మా. కానీ ఈ మాటల్లో కారం ఉంది. ఆవిడ మీద మీకు కోపమా?"

"కోపమేనండి."

డీన్ కళ్లు మూసుకుంది.

"మరి ఆ కోపం ఫలితంలోకి రాలేదని నేనెలా నమ్మను? సిబ్బంది పేర్లు థీసిస్‌లో రాయకూడదు, ఒప్పుకుంటాను. ఇక్కడ చెప్పొచ్చు కదా. ఎవరావిడ?"

సిస్టరు పక్కన కూర్చున్న గైడు వైపు చూసింది. గైడు చెప్పమన్నట్టు తలూపింది.

"నేనేనండి."