పోయినవారం ధర

ముసలాయన పొట్లం విప్పి, పిడికెడు పప్పు సలహాదారు బల్లమీద పోశాడు.

"ఇది కిలో ఎంతో చెప్పండి బాబూ."

సలహాదారు ముక్కు మూసుకున్నాడు. ముసలాయన ఒంటినిండా తడి గోనెల కంపు. చెప్పులనిండా బురద.

"ఎవరు నువ్వు?"

"బజారు మనిషిని."

"అయితే బజారుకే పో. మధ్యాహ్నానికల్లా మంత్రిగారికి నోట్ వెళ్లాలి."

నోట్‌లో ఉన్నది ఒక్కటే మాట. ధరలు నిలకడగా ఉన్నాయి గనుక చవక డిపోలు మూసేయవచ్చు. పక్కనే ధరల పట్టిక. పదహారు వారాలు, ముత్యాల్లాంటి అంకెలు. పప్పు నలభై. ప్రతివారం నలభై.

ముసలాయన వంగి రెండూ చదివాడు.

"నలభైకి ఇప్పుడు పొట్టు కూడా రాదు బాబూ. నూట పది. డిపోలు మూస్తే జనం ఏం తింటారు?"

"నాకు కాకిలెక్కలు చెప్పకు. ఇది ప్రభుత్వ లెక్క."

"నాలుగు నెలలు ఒకే ధర ఉంటే అది బజారా, శ్మశానమా?"

సలహాదారు గంట కొట్టాడు. కాపలావాడు వచ్చి ముసలాయన రెక్క పట్టుకున్నాడు. మూలబల్ల దగ్గర గుమాస్తా తల ఎత్తలేదు.

"ఇదంతా ఊడ్పించు," అన్నాడు సలహాదారు చేతులు కడుక్కుంటూ.

డిపోలు మూతపడ్డాయి.

పదోరోజున జనం ఒక డిపో తలుపులు విరగ్గొట్టారు. తొక్కిసలాటలో ఇద్దరు ఆడవాళ్లు పోయారు. ఒకామె చేతిలో సంచి అలాగే ఉంది, ఖాళీగా.

మంత్రిగారు ఫోన్‌లో పెట్టిన చీవాట్లకు సలహాదారు చెవులు కాలిపోయాయి. ఫోన్ పెట్టేసి గుమాస్తావైపు తిరిగాడు.

"బజారు తిరిగి ఈ నలభై రాసుకొచ్చినవాడు ఎవడు? ఈరోజే వాడి ఉద్యోగం ఊడబీకాలి."

గుమాస్తా గొంతు సవరించుకున్నాడు.

"నాలుగు నెలల కిందటే ఊడబీకాం సార్. పొదుపన్నారు. సంతకం తమదే."

"మరి ఈ అంకెలు?"

"గడి ఖాళీగా ఉంటే తమరికి కోపం. అందుకని పోయినవారం ధరే దించుతున్నాం."

సలహాదారు పట్టికను పక్కకు నెట్టాడు.

"అతన్ని పిలిపించు. అసలు ధరలు రాయించుకుందాం."

"నిన్న నేనే వెళ్లి అడిగాను సార్. రానన్నాడు. బజారు కంపు కడిగితే పోతుంది, మీ ఆఫీసు కంపు పోదన్నాడు."

"ఎంత పొగరు! మన ఆఫీసు వాడికేం చేసింది?"

గుమాస్తా వంగి, బల్లకాలి పక్కన చీపురుకు అందకుండా మిగిలిన పప్పుబద్దను ఏరి, పట్టికలో నలభై మీద పెట్టాడు.

"జీతం లేకపోయినా వారం తప్పకుండా బజారు తిరిగి, ఆవేళ ఈ పప్పు పట్టుకొచ్చింది ఆయనే సార్."