పార్సెల్ తెచ్చినావిడ

"సాంబశివరావు మాస్టారి ఇల్లు ఇదేనా? వైజాగ్ నుంచి పార్సెల్ తెచ్చాను."

గుమ్మంలో ఒక పెద్దావిడ నిలబడి ఉంది. భుజాన సంచీ, చేతిలో గొడుగు, మొహం నిండా నవ్వు.

లోపలున్న ఇద్దరూ ఆవిడ మొహం చూడలేదు. సంచీ చూశారు.

"సీడీలు వచ్చేశాయి సార్!" అని ఎగిరి గంతేశాడు గణేశ్వరరావు. కరెంటాఫీసులో పని, కంప్యూటర్లంటే పిచ్చి, మాస్టారంటే ప్రాణం.

అండమాన్‌లో ఇది మామూలే. ఓడెక్కే ప్రతివాళ్ల చేతా ఎవరో ఒకరు ఏదో ఒకటి పంపిస్తారు. చింతపండో, చీరలో, మందులో. తెచ్చినవాళ్లకి చాయ్ ఇచ్చి, ఓడ ఊగిందా అని అడిగి సాగనంపుతారు. పేరడగాలని మాత్రం ఎవరికీ తోచదు.

ఈసారి వచ్చింది రేడియో సాఫ్ట్‌వేరు. అప్పట్లో మాస్టారుండే మిన్నీ బేలో అంత పెద్ద సాఫ్ట్‌వేరు ఇంటర్నెట్‌లో దింపుకోవడం కంటే ఓడలో తెప్పించుకోవడమే తొందర.

పంపించింది పీ.ఎల్. గారు.

పీ.ఎల్. గారంటే మాస్టారికి గురువు, నేస్తం, సగం లోకం. మొహం చూసింది లేదు, గొంతు విన్నది లేదు. రోజూ సాయంత్రం హామ్ రేడియోలో, అంటే ఇంట్లో పెట్టుకున్న సొంత రేడియో సెట్‌లో, మోర్స్ కోడ్ కబుర్లే. చిన్న కూతలు, పొడుగు కూతలు కలిపి, ఇంగ్లిషు అక్షరాల్లో తెలుగు మాటలు. ఆయన ఎవరో మీసాలున్న రిటైర్డ్ నేవీ ఆఫీసరని మాస్టారి ఊహ. అందుకే ప్రతి మాటకీ ఒక 'సర్' తగిలిస్తారు.

ఈ మధ్య మాస్టారి చెవులు మొరాయిస్తున్నాయి. రేడియోలో ఆ సన్నటి కూతలు అందడం లేదు. సాయంత్రం ఆ నాలుగు మాటలూ లేకపోతే ఎలా బతకాలో ఆయనకి తెలియడం లేదు. రేడియోని కంప్యూటర్‌కి కలిపితే కూతలన్నీ అక్షరాలై తెర మీద కనబడతాయని పీ.ఎల్. గారే ధైర్యం చెప్పారు. సాఫ్ట్‌వేరు ఎవరి చేతైనా పంపిస్తానన్నారు.

ఆ కంప్యూటర్‌ని నడిపించడానికి విండోస్ ఉండాలా, లైనక్స్ ఉండాలా? వారం రోజులుగా ఆ ఇంట్లో ఇదే గొడవ.

"లైనక్స్ వెయ్యవయ్యా. పీ.ఎల్. గారు వాడేది అదే."

"అరే సార్, విండోస్ ఉండనివ్వండి. పాడైతే జంగ్లీఘాట్‌లో ఏ దుకాణంలోనైనా బాగుచేస్తారు. లైనక్స్ పాడైతే ఇక్కడ చూసేవాళ్లు కౌన్ హై? మళ్లీ ఓడ కోసం ఎదురుచూడాలి."

"పాత కంప్యూటర్ మీద అది తేలిగ్గా నడుస్తుందట!"

"రేడియో కేబుల్ విండోస్‌లో పనిచేస్తోంది కదా సార్! నడిచేదాన్ని కదపడం దేనికి?"

పెద్దావిడ గొంతు సవరించుకుంది. "మాస్టారూ, నేను..."

"కూర్చోండమ్మా, కూర్చోండి. చాయ్ వస్తుంది," అన్నారు మాస్టారు, తల తిప్పకుండానే.

మాస్టారి భార్య అరుణకుమారి స్టీలు గ్లాసులో అల్లం చాయ్ తెచ్చింది.

"ఓడ బాగా ఊగిందా అక్కా?"

"ఉయ్యాలే అనుకోండి."

"ఊరు చూడ్డానికి వచ్చారా?"

"ఒకరిని పలకరించి పోదామని."

"పలకరించారా మరి?"

"ఇంకా కుదరలేదు."

అవతల తగువు ముదిరింది. ఆవిడే కలగజేసుకుంది. "మీ చేతికి ఏది అలవాటో అదే పెట్టుకోండి బాబూ."

"దీదీ, ఇది గరిటెలు ఎంచుకోవడం కాదు," అన్నాడు గణేశ్వరరావు.

ఆవిడ పకపకా నవ్వింది. చాయ్ తాగేసి చెంచా తీసుకుంది. గ్లాసు మీద చిన్నగా కొట్టింది. అంచు మీద పొడుగ్గా గీసింది. మళ్లీ కొట్టింది, మళ్లీ గీసింది.

"సార్, ఏదో చప్పుడు. కంప్యూటర్ మైకు పట్టేస్తోంది."

"అమ్మా, కాస్త ఆ చప్పుడు ఆపండి," అన్నారు మాస్టారు కేబుల్ విప్పుతూ.

ఆవిడ చెంచా పక్కన పెట్టింది.

"అన్నం తిని వెళ్లండక్కా," అంది అరుణకుమారి.

"లేదమ్మా, ఈ సాయంత్రమే మా ఓడ." ఆవిడ లేచి, రేడియో దగ్గరికి వెళ్లి దాన్ని ఓసారి చేత్తో నిమిరింది. "వెళ్లొస్తాను మాస్టారూ."

"మంచిదమ్మా. పీ.ఎల్. గారికి నా నమస్కారాలు చెప్పండి."

"తప్పకుండా చెబుతాను."

చివరికి గణేశ్వరరావు రెండూ వేశాడు. పొద్దున విండోస్, సాయంత్రం లైనక్స్ అని ఇద్దరూ రాజీపడ్డారు.

ఓడ వైజాగ్ చేరిన మర్నాటి సాయంత్రం, తెర మీద అక్షరాలు కదిలాయి.

"పార్సెల్ అందిందా?"

ఒక్క అక్షరం కూడా జారిపోలేదు. మాస్టారికి సంతోషంతో కళ్లు చెమర్చాయి. వేళ్లు వాటంతటవే మోర్స్ మీట మీదికి వెళ్లాయి.

"అందింది సర్! లైనక్సా, విండోసా? మీరే తేల్చాలి సర్."

"మీ చేతికి ఏది అలవాటో అదే పెట్టుకోండి."

"చూశావా! అనుభవమున్నవాళ్ల మాట అంటే అదీ," అన్నారు మాస్టారు.

గణేశ్వరరావు బుర్ర గోక్కున్నాడు. "ఈ మాట ఎక్కడో విన్నట్టుంది సార్."

మాస్టారు మళ్లీ మీట అందుకున్నారు. "పార్సెల్ తెచ్చినావిడ మీ బంధువా సర్? పేరడగడం మర్చిపోయాం."

 తెర మీద ఒక్కొక్క అక్షరమే వచ్చింది.

"ఆవిడకి అల్లం చాయ్ చాలా నచ్చింది. గ్లాసు మీద మీ పేరు కొడితే, చప్పుడు ఆపమన్నారు. ఇన్నేళ్లుగా నన్ను సర్ అంటున్నారు, ఇక అది కూడా ఆపండి."